కోకో తోటలో మధ్యాహ్నం

యాకూబ్ బాబా శిష్యుడు జిలానీ చుట్టుపక్కల ఊళ్ళ చిన్న రైతులకి కోకో సాగు నేర్పేవాడు. కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో, గింజలు ఎలా మాగబెట్టాలో చెప్పేవాడు. అందరూ విన్నారు. కాపు పెరిగింది, చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. వినంది ఒక్క వీరవేణే.

ఆమె తోటలో చెట్లు ఒకదానిలోకి ఒకటి అల్లుకుపోయి, చెమ్మకి కాయలన్నీ నల్లబడి రాలిపోతున్నాయి. ఇంకో వానాకాలం ఇలాగే పోతే చెట్లు కూడా దక్కవు.

"చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది బాబా," అన్నాడు జిలానీ. "చనిపోయిన మొగుడు నాటిన చెట్లట. రంపం చూస్తే చాలు, అడ్డం నిలబడుతుంది. మొండిమనిషి."

బాబా మర్నాడు శిష్యుడి వెంట ఆ తోటకి వెళ్ళారు.

మిట్టమధ్యాహ్నం. పైన, కోకోకి నీడనిచ్చే కొబ్బరాకుల మీద ఎండ మండిపోతోంది. కింద మాత్రం చెరువు అడుగున ఉన్నట్టు పచ్చటి మసక. రాలిన ఆకులు మెత్తగా అడుగుల చప్పుడు మింగేస్తున్నాయి. వీరవేణి ఎదురొచ్చింది. ముందు జిలానీ చేతిలోని రంపం వైపు చూసింది.

"మీ ఆయన ఎక్కడ కూర్చునేవారమ్మా?" అని అడిగారు బాబా.

ఆమె తడబడింది. ఆ మాట ఎవరూ అడగలేదు. ఒక చెట్టు మొదలు చూపించింది.

"కూర్చోడం కాదండీ, పడుకునేవోరు. అన్నం తిన్నాక ఇక్కడే. మొహం మీద కండువా ఏసుకునేవోరు. కళ్ళల్లో ఎండ పడతందని."

బాబా ఆ చోటే ఆకుల మీద పడుకుని, తన కండువా మొహం మీద కప్పుకున్నారు. ఎక్కడో ఒక పిట్ట కూసి ఊరుకుంది. ఆయన నిద్రపోయారేమో అనుకున్నాడు జిలానీ.

చాలాసేపటికి బాబా కండువా తీసి పక్కన పెట్టారు.

"ఇప్పుడు దీంతో పనిలేదమ్మా," అన్నారు.

వీరవేణి తలెత్తి పైకి చూసింది. అలా చూస్తూనే ఉంది. ఆకు మీద ఆకు, కొమ్మ మీద కొమ్మ. ఎక్కడా చిటికెడు ఆకాశం లేదు.

"ఆయన ఉంటే ఇలా ఉండనిచ్చేవోరు కాదు," అంది మెల్లగా. తర్వాత జిలానీ వైపు చెయ్యి చాచింది. "ఏ కొమ్మ బాబూ?"

జిలానీ వేలితో చూపించాడు. రంపం ఆమే పట్టుకుంది. కొమ్మ తెగి పడగానే నేల మీద అరచేతంత వెలుగు వాలింది. ఆమె వంగి, ఆ వెలుగున్న చోట మట్టిని నిమిరింది.

తిరిగి వస్తుంటే జిలానీ ఆగలేకపోయాడు.

"ఏడాదిగా నేను చెబుతున్నదీ అదే కదా బాబా! నా మాటెందుకు వినలేదు?"

"నువ్వు చెట్ల సంగతే మాట్లాడావు నాయనా," అన్నారు బాబా.

వెనక తోటలో రంపం చప్పుడు వినిపిస్తోంది. జిలానీ దారిలో నిలబడిపోయి చాలాసేపు విన్నాడు.