మాచయ్య హస్తవాసి

మార్కండయ్యగారి వైద్యశాలలో మాచయ్యకి అన్నీ ఉన్నాయి, ఒక్క మనశ్శాంతి తప్ప. దానికి కారణం దేవన.

ఇద్దరికీ గురువు ఆ మార్కండయ్యగారే. అదే పసరు, అదే నూనె, అదే ఉడకబెట్టిన గుడ్డ. అయినా దేవన కట్టు కడితే ఎంతటి గాయమైనా ఇట్టే మానిపోయేది. మాచయ్య కడితే చీము పట్టేది. "దేవనయ్య హస్తవాసి గొప్పదమ్మా!" అని జనం చెప్పుకుంటుంటే మాచయ్యకి ఒళ్ళు మండిపోయేది. నిన్నగాక మొన్న వచ్చినవాడు! గురువుగారు వాడికేదో మంత్రం చెప్పే ఉంటారనుకుని లోలోపల కుళ్ళిపోయేవాడు.

అలాంటప్పుడు తాటిచెట్టు మీంచి జారిపడ్డ కల్లుగీత వెంకడిని మోసుకొచ్చారు. పిక్క చీరుకుపోయింది. మాచయ్య పట్టుబట్టి తనే కట్టు కట్టాడు. వారం తిరక్కుండా కాలు వాచి, వాసన మొదలైంది.

"దేవనయ్యని పిలవండి బాబూ!" వెంకడి పెళ్ళాం ఏడ్చింది. "కాలు పోతే చెట్టెక్కేదెవరు? నా పిల్లలకి కూడెట్టా?"

మాచయ్య మొహం మాడిపోయింది. తిన్నగా గురువు దగ్గరికెళ్ళాడు.

"వాడికి చెప్పిన మంత్రం నాకెందుకు చెప్పలేదు గురువుగారూ? నేనేం పాపం చేశాను?"

"పద, కట్టు మార్చు. నేను చూస్తాను," అన్నారాయన.

మాచయ్య కాచిన వేపాకు నీళ్ళతో మోచేతులదాకా కడుక్కున్నాడు. గురువు చూస్తున్నారు కదా, కాస్త ఎక్కువే తోముకున్నాడు. భుజం మీది కండువాతో చేతులు తుడుచుకుని, పాత కట్టు విప్పాడు.

గురువుగారు చటుక్కున ఆ కండువా లాగి గాయానికి చుట్టబోయారు.

"అయ్యయ్యో! వద్దండీ!" మాచయ్య ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. "పొద్దుట్నించీ చెమట తుడుచుకుంటున్నాను దాంతో! కాలు కుళ్ళిపోదూ?"

"ఇన్నాళ్ళూ నువ్వు దాన్నేగా కడుతున్నావు," అన్నారు గురువుగారు.

మాచయ్య తన అరచేతుల వంక చూసుకున్నాడు. లేచి వెళ్ళి మళ్ళీ మొదట్నించీ కడుక్కున్నాడు. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు.

"ఒరే దేవనా!" అని కేకేశాడు. దేవనని అతను ఒక మాట అడగడం అదే మొదలు. "కడుక్కున్నాక నువ్వు దేంతో తుడుచుకుంటావురా?"

"తుడుచుకోనన్నా. ఆరనిస్తాను."

వెంకడి పెళ్ళాం చూస్తుండగా మాచయ్య తడిచేతులు పైకెత్తి నిలబడ్డాడు.