పేర్రాజుకి ఎనభై ఏళ్ళొచ్చిన రోజు

ఇలా దగ్గరికి జరుగు బంగారూ. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో. ఆఁ, ఇప్పుడు విను.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో పేర్రాజని ఒక పడవ సరంగు ఉండేవాడు. నలభై ఏళ్ళు చుక్కాని పట్టి జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించాడు. పెళ్ళివారినీ, పురిటి మనుషుల్నీ, బడిపిల్లల్నీ, అందర్నీ. ఆ తర్వాత చేతులు వణకడం మొదలెట్టాయి. చుక్కాని వేరేవాళ్ళకి అప్పగించి, వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఆయనకి ఒక్కతే కూతురు, వరాలు. దానికి పిల్లల్లేరు. మొగుడు పోయాక నాన్న దగ్గరికే వచ్చేసింది. పొద్దున్నే నాన్నకి కాఫీ ఇచ్చి, అంగన్‌వాడీకి పోయి పిల్లలకి వండిపెట్టి, మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. ఇంట్లో ఆ ఇద్దరే. చెంబు జారి కింద పడితే ఇద్దరూ ఉలిక్కిపడేవారు. అంత చప్పుడు లేని ఇల్లు.

ఉండగా ఉండగా పేర్రాజుకి ఎనభయ్యో పుట్టినరోజు దగ్గరికొచ్చింది. ఎనభై అంటే మాటలా? ఏం చేస్తే బాగుంటుందా అని వరాలు ఆలోచనలో పడింది.

అప్పుడు వెళ్ళి పంతులుగార్ని అడిగింది. "మీ నాన్న దగ్గర దగ్గర వెయ్యి పున్నములు చూసిన మనిషమ్మా. సహస్ర చంద్ర దర్శనం చేయించు" అన్నాడాయన. ఆ తర్వాత పక్కింటి సూరమ్మ పిన్నిని అడిగింది. "ఊరందరికీ భోజనాలు పెట్టవే. మీ నాన్న పడవెక్కని వాడెవడున్నాడు?" అంది పిన్ని. రెండూ మంచి మాటలే. ఎందుకో రెండూ వరాలు మనసుకి ఆనలేదు. చివరికి నాన్ననే అడిగింది.

"నాన్నా, పుట్టినరోజుకి నీకేం కావాలి?"

"అందరూ తాతా అంటారు. పెద్దాయనా అంటారు. నన్ను ఒరేయ్ అని పిలిచేవాడు ఒక్కడు లేడమ్మాయ్" అన్నాడు.

వరాలు నేనున్నాను కదా నాన్నా అందామనుకుంది, అనలేకపోయింది. ఎంత ప్రేమున్నా కూతురు కూతురే. ఆ ఖాళీలో కూర్చోడానికి తనకి వీల్లేదు. ఆ సంగతి తెలిసి, ఆ పూట అన్నం సయించలేదు దానికి.

నాన్నకి చిన్ననాటి నేస్తాలు ముగ్గురని వరాలు విని ఉంది. మర్నాడు సెలవు పెట్టి పంటెక్కింది. పంటంటే తెలుసుగా, రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరుస్తారు, అది.

ముందు భద్రయ్య ఇంటికి వెళ్ళింది. గోడకి ఫొటో, ఫొటోకి దండ. "మాఘమాసంలో పోయారండీ మావయ్యగారు" అంది కోడలు. వరాలు గడప దగ్గరే కాసేపు నిలబడి వచ్చేసింది.

ఆ తర్వాత సింహాద్రి ఇంటికి వెళ్ళింది. మనిషి ఉన్నాడు, మడతకుర్చీలో. "పేర్రాజు కూతుర్ని బాబాయ్" అంటే నవ్వాడు. "ఏ పేర్రాజు?" అన్నాడు. మళ్ళీ చెప్పింది, మళ్ళీ నవ్వాడు. "కాఫీ తాగావా అమ్మా?" అని మాత్రం ముమ్మారు అడిగాడు.

చివరికి అబ్బులు ఇంటికి వెళ్ళింది. కొబ్బరితోటలో గుడిసె. ముసలాయన పీచుతో తాడు పేనుతున్నాడు. మనిషి గట్టిగానే ఉన్నాడు, జ్ఞాపకమూ గట్టిదే. నాన్న పేరు చెప్పగానే చేతిలో తాడు ఆగిపోయింది.

"ఆ పేరు నా గుమ్మంలో ఎత్తకు. దాహం వేస్తే మంచినీళ్ళు తాగి వెళ్ళు" అన్నాడు.

నీళ్ళు తాగి వచ్చేసింది పాపం. వచ్చి నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పింది. భద్రయ్య మాట విని పేర్రాజు కళ్ళు మూసుకున్నాడు. సింహాద్రి మాట విని తలూపాడు. అబ్బులు మాట వినేసరికి తల దించేసుకున్నాడు.

"పెద్ద వరదొచ్చిన ఏడాది వాడు దిబ్బ మీద ఎడ్ల జతతో నిలబడ్డాడమ్మా. నా పడవ అప్పటికే మనుషులతో నిండిపోయింది. వీళ్ళని దింపి నీకోసం వస్తానురా అన్నాను. వెళ్ళలేదు. వాడు కొబ్బరిచెట్టెక్కి రెండు రోజులు బతికాడు. ఎడ్లు కళ్ళ ముందే కొట్టుకుపోయాయి."

"ఎందుకు వెళ్ళలేదు నాన్నా?"

పేర్రాజు లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

పుట్టినరోజు రానే వచ్చింది. వరాలు నాన్నకి తలంటి పోసింది. కొత్తపంచె కట్టించింది. పులిహోర కలిపి, బూరెలు వండింది. విస్తరి వెయ్యబోతుంటే పేర్రాజు చెయ్యడ్డం పెట్టాడు.

"క్యారేజీలో సర్దమ్మా. అబ్బులు దగ్గరికి పోదాం."

"తిడతాడు నాన్నా."

"తిట్టనీ."

అప్పుడు తండ్రీకూతుళ్ళు పంటెక్కారు. ఆ తర్వాత ఆటో ఎక్కారు. ఆ తర్వాత తోట గట్టు మీద చెయ్యి పట్టుకుని నడిచారు. అబ్బులు వాళ్ళని చూశాడు. చూసి, ముక్కాలిపీట అటు తిప్పుకుని కూర్చున్నాడు. పేర్రాజు ఆ వీపు వెనకాలే నేల మీద చతికిలబడ్డాడు. ఎండ ఈ చెట్టు మొదట్నించి ఆ చెట్టు మొదటికి జరిగింది. వరాలు క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని దూరంగా కూర్చుంది.

అప్పుడు పేర్రాజు నోరు విప్పాడు. "పడవ చెడిపోయిందని ఊళ్ళో చెప్పాను. అబద్ధంరా. పడవ బాగానే ఉంది. ఆ వడి చూసి నాకు భయమేసింది. పేరున్న సరంగుని, భయపడ్డాను."

అబ్బులు వీపు కదల్లేదు. అటు తిరిగే అన్నాడు.

"ఒరేయ్, నువ్వు భయపడ్డావని నాకు ఆ రోజే తెలుసురా. చెట్టు మీంచి చూశాను. నీ పడవ ఒడ్డున బాగానే ఉంది. నువ్వూ ఒడ్డున నిలబడి ఏడుస్తున్నావు. వచ్చి చెబుతావని చూశాను. ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను."

అని పీట ఇటు తిప్పాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎంత ముసలాళ్ళయిపోయామో అప్పుడు తెలిసింది వాళ్ళకి.

"ఏం తెచ్చావ్?" అన్నాడు అబ్బులు.

"బూరెలు."

"పళ్ళెక్కడున్నాయిరా నాకు?"

వరాలు గుడిసెలో ఉన్న పాలల్లో నానబెట్టి ఇచ్చింది. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి తిన్నారు. కాసేపు నవ్వారు, కాసేపు ఏడ్చారు, కాసేపు ఎడ్ల పేర్లు తలుచుకున్నారు. వాళ్ళ మాటల్లో వరాలుకి తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. గిన్నె కడిగి బోర్లించి, ఒక్కత్తీ చెట్టుకి ఆనుకుని కూర్చుంది.

పొద్దు వాలుతుండగా తిరిగొస్తుంటే, పంటు మీద పేర్రాజు కూతురి భుజం మీద తలపెట్టి నిద్రపోయాడు. పసిపిల్లాడిలా నోరు తెరుచుకుని. వరాలు నీళ్ళకేసి చూస్తూ లెక్కేసుకుంది, నా ఎనభయ్యో ఏట నా పక్కన ఎవరుంటారు అని. ఒక్క మొహమే తోచింది. భాగ్యం. చిన్నప్పుడు ఒకే పలక మీద దిద్దుకున్నారిద్దరూ. వరాలు మొగుడు పోయినప్పుడు భాగ్యం రాలేదు. అప్పట్నించీ మాటల్లేవు.

ఇంటికి రాగానే దీపం పెట్టి, వరాలు ఉత్తరం రాయడానికి కూర్చుంది. నువ్వెందుకు రాలేదే అని రాసి, కొట్టేసింది. ఎందుకు రాలేదో నేనైనా అడగలేదే అని రాసింది.

జవాబొచ్చిందా అంటావా? అది నాకూ తెలీదు తల్లీ. వరాలు మాత్రం రోజూ పంటు వచ్చే వేళకి రేవుకేసి చూసేది.

కథేమో కంచి దారి పట్టింది,
కన్నేమో కునుకు దారి పట్టింది.
నా కొంగు నువ్వు పట్టుకో,
నీ చెయ్యి నేను పట్టుకుంటా, ఇంటికి పోదాం.