పిసరి దాచుకున్న ఆకు

అనగనగా ఒక అడవిలో ఒక కరక చెట్టు. ఎండలు ముదిరే వేళకి దాని మోడు కొమ్మలన్నీ ఒక్కసారిగా చిగురు వేశాయి. రాగి రంగు చిగురు, తళతళా మెరిసే చిగురు! అదే పొద్దున కొమ్మ మీది గుడ్లు చిట్లి, నువ్వుగింజంత గొంగళి పురుగులు నలభై బయటికొచ్చాయి. అందరిలోకీ చిన్నది పిసరి. ఆకలి మాత్రం దానికి చిన్నది కాదు.

పక్క కొమ్మ మీద ముసలి పెంకుపురుగు తాత ఉండేవాడు. ఏటా పిల్లలకి బుద్ధులు చెప్పడం ఆయన పని.

"వినండర్రా. చిగురు ఎర్రగా ఉన్నన్నాళ్ళే మన పండగ. ఆకు పచ్చబడిందా, పండగ అయిపోయినట్టే. తొలకరి చినుకు పడేలోపు బాగా తిని, గూడు కట్టుకోవాలి. గూడు లేనివాళ్ళు వానకి కొట్టుకుపోతారు," అన్నాడు తాత.

ఆయన మాట పూర్తికాకముందే నోళ్ళు కరకరమన్నాయి. పిసరి అన్న బొండడైతే తల కూడా ఎత్తలేదు.

పిసరికి కొమ్మ చివర ఒక ఆకు కనిపించింది. అంత అందమైన ఆకుని అది జన్మలో చూడలేదు. పుట్టి గంటే అయిందనుకోండి, అయినా సరే. మీరు అన్నంలో అప్పడాన్ని చివరికి దాచుకుంటారు చూడండి, అలాగే దాచుకోవాలనిపించింది.

"ఇది నాది. ఎవరూ ముట్టుకోకండి," అంటూ కాడకి నోటి దారంతో మూడు చుట్లు చుట్టింది.

రోజూ పొద్దున్నే ఆకు మీద బారుగా పడుకుని కొలిచేది. మొదటి రోజు మూడు పిసర్లంత పొడుగు ఉంది. మూడో రోజుకి ఆరు పిసర్లంత అయింది. ఆరో రోజుకి పది! పిసరికి సంతోషంతో కాళ్ళు నిలవలేదు.

"చెల్లీ, తినవే తల్లీ. తాత చెప్పింది మరిచిపోయావా?" అన్నాడు బొండడు.

"నీకేం తెలుసన్నయ్యా. పెరుగుతున్నదాన్ని ఎవరైనా కొరుకుతారా? ఇంకా పెద్దదవనీ," అంది పిసరి. అందరి నోళ్ళ నుంచీ రాలిన తునకలతోనే కడుపు సరిపెట్టుకుంది.

ఆకు ఎరుపు తగ్గింది. పసుపుగా మారింది. పచ్చబడింది. పిసరి కళ్ళు పొడుగునే చూశాయి గానీ రంగుని చూడలేదు.

ఒకరోజు దూరాన ఉరిమింది. అన్నలూ అక్కలూ గూళ్ళు కట్టడానికి పైకి పరుగెత్తారు. ఇక తన విందు మొదలనుకుని పిసరి కాడకి చుట్టిన దారం విప్పింది. నోరంతా తెరిచి అంచు కొరికింది. నాలుక మెలితిరిగింది. మధ్యలో కొరికింది. నోరు బిగుసుకుపోయింది. ఈనె పక్కన కొరికి మింగింది. కడుపు ముడిపడిపోయింది.

"ఇదేమిటి, నా ఆకుకి ఏమైంది?" అని ఏడ్చింది.

అప్పుడు చెట్టు మాట్లాడింది. "ఏమీ కాలేదమ్మా, పెద్దదైంది. నాకు పారిపోవడానికి కాళ్ళు లేవు, పొడవడానికి కొమ్ములు లేవు. అందుకని ఆకుల్లో వగరు నింపుకుంటాను. ఆ వగరు నీ కడుపులో తిండిని అరగనివ్వదు. ఎర్రగా ఉన్నన్నాళ్ళూ లేతగానే ఉన్నాను కదా. నువ్వు కొలుస్తూ కూర్చున్నావు."

పిసరికి భయమేసింది. ఇంత చిన్న ఒంటితో గూడెలా కట్టాలి?

పైనుంచి బొండడి గొంతు వినిపించింది. వాడి గూడు సగమే అయింది, తల బయటే ఉంది. "చెల్లీ, ఇటు రా. ఉడత విరిచిన కొమ్మ దగ్గర కొత్త చిగురు పుట్టింది. ఎర్రగా ఉంది, పరుగెత్తు."

పిసరి పరుగెత్తింది. కడుపు నొప్పితో జారింది, మళ్ళీ ఎక్కింది. మళ్ళీ జారింది, పంటితో బెరడు పట్టుకుని ఎక్కింది. కొమ్మ చివర గోరంత రాగి చిగురు మెరుస్తోంది. ఎంత అందంగా ఉందో అనుకోబోయి, ముందు కొరికింది. తియ్యగా ఉంది.

మూడు రోజులు ఆగకుండా తింది. ఆఖరి దారం బిగించేసరికి గూడు మీద తొలి చినుకు టప్పున పడింది. ఆ చెట్టు మీద అన్నిటికన్నా చిన్న గూడు అదే. అయినా వానకి చెక్కుచెదరలేదు.

మరుసటి వేసవికి పిసరి చిన్న రెక్కలతో బయటికొచ్చింది. ఇంకా విచ్చుకోని మొగ్గల పక్కనే గుడ్లు పెట్టింది. ఒక్కో గుడ్డు దగ్గరా వంగి చెప్పింది: "నాన్నా, కొలవకు. కొరుకు."

చెట్టుకి నవ్వొచ్చింది. "సరేలేవమ్మా, ఈసారి వగరు నింపడానికి నేనూ తొందరపడతాను," అంది.

నీతి: మంచిదాన్ని తర్వాతకని దాచిపెడితే, అది మన కోసం లేతగా కూర్చుని ఉండదు.