తాయారు వదిలేసిన జెండా

నేను ఇంతకు ముందు ఎప్పుడూ ఏదీ రాయలేదు. చదివింది అయిదో తరగతి దాకానే. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, ఓపిగ్గా వినండి.

ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అనే సముద్రపు ఊళ్లో, ఎవరు పక్కకొచ్చినా "ముందు మీరు కానివ్వండి" అంటూ వెనక్కి జరిగిపోయే తాయారు అనే ఆవిడ ఉండేది. బస్సు దగ్గర అదే మాట. రొట్టెల కొట్లో అదే మాట. నలుగురూ తినేచోట ఆఖరి గారె మీద చెయ్యి వేసి కూడా, ఎవరైనా చూస్తే తీసేసేది. "తాయారంత మంచి మనిషి లేదు" అనేవాళ్ళు అందరూ. తాయారూ అదే అనుకునేది.

ఆ ఊరి బీచిలో ఏటా వేసవిలో శని, ఆదివారాలు ఆటల పండగ జరిగేది. అందులో జెండాల పోటీ ఒకటి. జెండా అంటే గుడ్డ జెండా కాదు, జానెడు రబ్బరు గొట్టం ముక్క. వాటిని దూరంగా ఇసకలో గుచ్చేవాళ్ళు. ఆడేవాళ్ళు కాళ్ళు అటు పెట్టి బోర్లా పడుకోవాలి. ఈల వినపడగానే లేచి, వెనక్కి తిరిగి, పరిగెత్తి ఒకటి పట్టుకోవాలి. మనుషులకన్నా జెండాలు ఒకటి తక్కువ. దొరకనివాళ్ళు ఇంటికే. ఆ ఏడు ఆడవాళ్ళకి జతల పోటీ పెట్టారు. జతలో ఒకరు పోతే రెండోవాళ్ళూ పోయినట్టే.

పక్కింటి ఝాన్సీ తాయారుని జతకి లాక్కొచ్చింది. ఝాన్సీ ఆసుపత్రిలో రాత్రిళ్ళు తుడిచే పని చేసేది. "నువ్వు బస్సు పోతున్నా పరిగెత్తవు, పోటీలో పరిగెత్తుతావా అమ్మా?" అని ఝాన్సీని ఆవిడ కూతురు హారిక వెక్కిరించింది.

"ఆదివారం ఫైనల్‌కి రావే, చూద్దువుగాని" అంది ఝాన్సీ. చలికాలమంతా డ్యూటీ దిగి అటునుంచి అటే ఇసకలోకి పరుగు సాధనకి వచ్చేది. తాయారూ తోడు వెళ్ళేది.

శనివారం ఇద్దరూ బాగానే నెగ్గుకొచ్చారు. ఇంకొక్కసారి జెండాలు దొరికితే ఫైనలే. ఈల మోగింది. ఝాన్సీ తనది పట్టేసింది. తాయారు ఆఖరి దాని మీద చెయ్యి వేసింది, గుప్పిట మూసింది కూడా. అంతలో ఇంకొకావిడ వచ్చి పక్కనే దభీమని పడింది. మొహం నిండా ఇసక. జనమంతా వాళ్ళిద్దరినే చూస్తున్నారు. తాయారుకి చెవులు వేడెక్కాయి.

"మీరు తీసుకోండి" అని చెయ్యి తీసేసింది.

ఆవిడ బిత్తరపోయి జెండా పైకెత్తింది. జనం చప్పట్లు కొట్టారు. ఝాన్సీ మాత్రం తన చేతిలోది తిరిగి ఇచ్చేసి వచ్చింది.

"ఏంటక్కా? నీ చేతిలోనే ఉందిగా!"

"పాపం, పడిపోయింది ఝాన్సీ..."

"పడితే లేస్తుంది. నీ జెండా ఇచ్చుకున్నావు సరే. నా ఆదివారం కూడా ఇచ్చేశావేం? అది నీదా ఇవ్వడానికి?"

తాయారు ఇంటికొచ్చి అన్నం ముందు పెట్టుకుని కూర్చుంది. 'పడిపోయినావిడ మీద నాకు నిజంగా జాలేసిందా?' అని తన్ను తానే అడిగింది. లేదు. 'అందరూ నన్నే చూస్తుంటే ఓర్చుకోలేకపోయాను, అంతే' అనుకుంది. బస్సు దగ్గరా అంతే. గారె దగ్గరా అంతే.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఝాన్సీ తలుపు కొట్టింది. హారిక తీసింది.

"అమ్మని లేపు. నువ్వూ రా, ఈల వెయ్యాలి."

"ఫైనల్లో మనం లేం కదక్కా!" అంది ఝాన్సీ కళ్ళు నులుముకుంటూ.

"వచ్చే ఏడు ఉంటాం. పద."

బీచి ఆ చివర మనుషులు లేనిచోట తాయారు ఒక గొట్టం ముక్క గుచ్చింది. ఇద్దరూ బోర్లా పడుకున్నారు. హారిక ఈల వేసింది. వేసి, తల్లి పరుగు చూసి నోరు తెరిచింది. "అమ్మా, ఉరుకు!" అని గంతులేసింది. ఇద్దరి చేతులూ ఒకేసారి గొట్టం మీద పడ్డాయి.

"వదులక్కా! ముందు మీరు కానివ్వండి అనవేం?"

"అనను."

"ఇటివ్వు!"

"ఇవ్వను" అంది తాయారు. ఆ మాట అనడం ఆవిడకి అదే మొదలు. ఝాన్సీ ఎంత గుంజినా, ఇద్దరూ ఇసకలో దొర్లినా, గుప్పిట విప్పలేదు.

కాబట్టి, బెదురుతో వెనక్కి తగ్గి దానికి మంచితనం అని పేరు పెట్టుకోకూడదు. మనల్ని నమ్ముకున్నవాళ్ళు పక్కన ఉన్నప్పుడు మన చోటు మనం వదలకూడదు.