చివరి అక్షరం పిల్లలది

కామేశం మాష్టారికి ఒక అలవాటు. తెలుగు ఉపాధ్యాయుల శిక్షణ తరగతుల్లో ప్రశ్న అడిగారంటే, జవాబు వచ్చేదాకా నోరు మెదపరు. ఆ మౌనంలో వెళ్ళి టీ తాగి రావచ్చని వెనక బల్లలవాళ్ళు నవ్వుకునేవారు. ఆయన దగ్గరే చదువుకుని కొత్తగా ఉద్యోగంలో చేరిన యాకోబు ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"ఇంతసేపు ఆగితే సిలబస్ ఎప్పటికి అవుతుంది మాష్టారూ? నేను మాటలో చివరి అక్షరం మింగేస్తాను, పిల్లలు అందుకుంటారు. క్లాసు హోరెత్తిపోతుంది. అందులో తప్పేముంది?"

మాష్టారు తప్పొప్పుల జోలికి పోలేదు. భ్రమరాంబ టీచరు సంగతి చెప్పారు.

ఆదోని వైపు ఒక పల్లె బడిలో ఆమె తెలుగు చెప్పేది. "సూర్యుడు తూర్పున ఉదయిస్తా...?" అంటే చాలు, "డు!" అని పైకప్పు రేకులు అదిరేవి. అందరికన్నా ముందు వినిపించే గొంతు ఉరుకుందమ్మది. ఆ పిల్లంటే టీచరుకు ప్రాణం. ఎప్పటికైనా తనలాగే పంతులమ్మ అవుతుందని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేది.

వానలు మొహం చాటేసిన ఏడు ఆ ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం మిరపకోతలకు గుంటూరు వైపు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటారు. అలా పోయేవాళ్ళ పిల్లలు చదువు మానకుండా బడిలోనే వసతి ఉంది. టీచరు ఒక్క మాట చెబితే చేర్చుకుంటారు.

ఒక సాయంత్రం గంట కొట్టాక ఉరుకుందమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. భ్రమరాంబ హడావిడిలో ఉంది. మర్నాడు కర్నూలులో శిక్షణ. పిల్లల చేత మాట్లాడించడం ఎలాగో తోటి టీచర్లకు చేసి చూపించాలి. బస్సు వేళయింది.

"టీచర్, మా అమ్మోళ్ళు..."

"సుగ్గికి పోతున్నా...?" చార్టులు చుడుతూనే అంది టీచరు.

"రు."

"మరి నువ్వు? వాళ్ళతో పోతా...?"

పిల్ల నోరు తెరిచింది గానీ మాట రాలేదు. టీచరు తల ఎత్తి, అందుకోమన్నట్టు గడ్డం ఎగరేసింది.

"ను."

"ఉగాదికి వచ్చేస్తా...?"

"ను."

"బంగారు తల్లివి!" అని బుగ్గ తట్టి భ్రమరాంబ బస్సుకు పరుగెత్తింది. కర్నూలులో ఆమె పాఠానికి చప్పట్లు మోగాయి.

ఉగాది వెళ్ళిపోయింది. పిల్ల జాడ లేదు. టీచరే వాళ్ళింటికి వెళ్ళింది. తల్లి ఒక్కతే ఉంది.

"నీ కాడ ఇడిసిపోదామనే అనుకుంటిమి టీచరమ్మా. ఉండమంటదేమో అడిగి రాపో అని పంపిస్తిమి. నువ్వు పొమ్మంటివని చెప్పె. ఇప్పుడు కోతలో చెయ్యి తిరిగిపాయె, మా చెల్లెలితో ఆడ్నే ఉండాది. ఇంగ బడికి రాదులే."

నేను పొమ్మనలేదు అనబోయి భ్రమరాంబ ఆగిపోయింది. ఆ సాయంత్రం మాటలన్నీ తనవే. పిల్ల అన్నది చివరి అక్షరాలు మాత్రమే. ఆ తర్వాత క్లాసులో ఆ హోరు వినడం ఆమె వల్ల కాలేదు.

యాకోబు చాలాసేపు మాట్లాడలేదు. మాష్టారూ మాట అందించలేదు.

"అంత చురుకైన పిల్ల కదా మాష్టారూ," అన్నాడు చివరికి, "తప్పు జవాబు ఎందుకు చెప్పింది?"

"తప్పెక్కడ చెప్పింది నాయనా? ఎప్పటిలాగే, టీచరు కోరిన అక్షరమే చెప్పింది."