ఏ పాఠంలో కూర్చోవాలి?

వెనకటికి ఒక రాజ్యంలో విరూపాక్షయ్య అనే ఆస్థాన నేతగురువు ఉండేవాడు. ఆయన బడిలో రెండు పాఠాలు: కొత్తవాళ్లకు తొలిపాఠం, చేయితిరిగినవాళ్లకు పెద్దపాఠం. ఒకరోజు చాపలు అల్లే ఈరన్న తన కూతురు తాయమ్మను బడికి తీసుకొచ్చాడు.

గురువు ఆ పిల్లవైపు చూడనైనా చూడలేదు. "చాపలవాళ్ల పిల్లేగా! మూడేళ్లు తొలిపాఠంలో కూర్చోబెట్టు" అన్నాడు. తాయమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఈరన్న చేతులు జోడించాడు. "చిత్తం. మూడేళ్లకు మా అమ్మాయి ఏం నేస్తుందో కాస్త చూపిస్తారా, అయ్యా?"

గురువు గర్వంగా గోడకు వేలాడుతున్న హంసల అంచు చూపించాడు. తాయమ్మ దగ్గరికెళ్లి పోగులు తడిమింది.

"నాయనా, నాలుగో హంస దగ్గర ఒక పోగు తప్పింది. అందుకే మెడ వంకరపోయింది. అమ్మ ఉన్నప్పుడు నాచేత చాపల మీద ఇలాంటి హంసల్నే అల్లించేది" అంది.

గురువు వంగి చూశాడు. నిజమే.

"పాఠం చివరి పనిలోనే తప్పు పట్టిన పిల్లని పాఠం మొదట్లో కూర్చోబెడతారా, అయ్యా?" అన్నాడు ఈరన్న మెల్లగా.

గురువు ముఖం ఎర్రబడింది. విసురుగా వెళ్లి తన మగ్గం ముందు కూర్చుని, దాని మీద నేస్తున్న నెమలిని చూపించాడు. "అయితే పురివిప్పిన నెమలిని నెయ్యగలదా? పెద్దపాఠంలో మొదటిరోజు పని అదే!"

తాయమ్మ మగ్గం మీది నెమలిని చాలాసేపు చూసి తలదించుకుంది. "రాదయ్యా. ఎలా మొదలుపెట్టాలో తెలుస్తోంది గానీ, ఈకలు విచ్చుకునే చోట ఆగిపోతాను."

ఈరన్న కూతురి తల నిమిరాడు. "ఆగిపోయే చోటే కదయ్యా, గురువు కావాల్సింది!"

విరూపాక్షయ్య మగ్గం ముందు కొంచెం పక్కకు జరిగి, "రా తల్లీ, ఈకల దగ్గర్నుంచే మొదలుపెడదాం" అన్నాడు.