గోరింకల గోల

అనగనగా ఒక అడవిలో ఎండాకాలానికి కూడా ఎండిపోని మడుగు ఒక్కటే ఉండేది. దానికి కాపలా ఎవరుండాలో జంతువులన్నీ కలిసి ఏటేటా ఎన్నుకునేవి. ఎవరు ముందు తాగాలి, ఎవరు ఆగాలి, అంతా కాపలాదారు చేతిలోనే.

ఆ అడవిలో ఒక మంచి పద్ధతి ఉండేది. ఎన్నికకు ముందు తాబేలు తాత ప్రతి గుహకూ, ప్రతి పొదకూ, ప్రతి పుట్టకూ నడిచి వెళ్లేవాడు. ఏం కావాలో, ఎవరు కావాలో చెవిలో అడిగేవాడు. ఎవరేమన్నారో బయటపెట్టేవాడు కాదు. అడవి మనసు ఎటుందో మాత్రం అందరి ముందూ చెప్పేవాడు. అది విని పోటీకి నిలబడినవాళ్లు బుద్ధి తెచ్చుకునేవాళ్లు. చంటిపిల్లల తల్లులే ముందు తాగాలన్న కట్టుబాటు అలా వచ్చిందే.

ఆ ఏడు పాత కాపలాదారు ఎలుగుబంటి మీద నక్క పోటీకి దిగింది. అది ఒక్క పొదకూ వెళ్లలేదు. ఒక గోరింకల గుంపును పిలిచి కడుపునిండా మేడిపండ్లు పెట్టింది. అంతే. పొద్దున ఎండిన వాగు దగ్గర అవి "అడవంతా నక్క వైపే" అని అరిచాయి. మధ్యాహ్నం గుట్ట మీద అదే అరిచాయి. సాయంత్రం వెదురుపొదల్లో అదే. ఒకటి అంటే మిగతావన్నీ అందుకునేవి. అన్నిచోట్లా అరిచింది ఆ గుంపే. వినేవాళ్లకు మాత్రం అడవి మొత్తం అరుస్తున్నట్టే అనిపించింది. తలెత్తి చూసే ఓపిక ఒక్కరికీ లేకపోయింది.

తాబేలు తాత కూడా విన్నాడు. ఎండ మండుతోంది, కాళ్లు పీకుతున్నాయి. ఇంతమంది చెబుతుంటే మళ్లీ తిరిగి అడగడం ఎందుకని నీడన కూలబడ్డాడు.

కొత్తగా ఈనిన లేడి ఆయన దగ్గరికి వచ్చింది. నక్క గెలిస్తే తన పిల్లకు నీళ్లు దొరకవని దాని భయం.

"ఈసారి మా పొదకు రాలేదేం తాతా?" అని అడిగింది.

"రావడమెందుకమ్మా, అడవంతా నక్క వైపే ఉందటగా," అన్నాడు తాత.

"నన్ను అడక్కుండా నేనెటున్నానో నీకెలా తెలిసింది?"

తాత మొహం పక్కకు తిప్పుకున్నాడు. మర్నాడు గోరింకల మాటనే తన మాటగా అందరికీ చెప్పేశాడు. ఏళ్ల తరబడి నమ్మిన నోరది, ఎవరు కాదంటారు? ఎన్నిక వేళ కుందేలు వెళ్లి నక్క వైపు నిలబడింది. అడవిపంది నిలబడింది. గెలిచేవాడితో పేచీ ఎందుకని కోతీ నిలబడింది. లేడి కాసేపు ఎలుగుబంటి పక్కన ఉంది. తానొక్కతే మిగిలిందని చూసుకుని, తల దించుకుని అటే నడిచింది.

గెలిచిన నక్క మడుగు చుట్టూ ముళ్లకంప వేసింది. తోడేళ్లు ముందు తాగాయి. నక్క చుట్టాలు తర్వాత తాగారు. తల్లుల వంతు వచ్చేసరికి బురద మిగిలేది. లేడికి పాలు ఎండిపోయాయి. నీళ్ల కోసం పిల్లను వెంటబెట్టుకుని దూరపు నదికి బయల్దేరింది. తిరిగి ఒక్కతే వచ్చింది.

అందరూ దాని చుట్టూ చేరారు. తనకు నక్కంటే ఇష్టమే లేదని, మిగతావాళ్లందరికీ ఇష్టమేమో అనుకున్నానని కుందేలు అంది. అడవిపందీ అదే అంది. కోతీ అదే అంది. వింటుంటే ఒళ్లు మండిపోతుంది పిల్లలూ. పక్కనే ఉన్నవాణ్ణి ఒక్కమాట అడిగితే వీళ్ల సొమ్మేం పోయింది? తాబేలు తాత తప్పయిపోయిందంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు ఎవరికి కావాలి?

లేడి అందరి మొహాలూ చూసింది.

"మనలో ఒక్కరూ కోరుకోనివాడికి నా బిడ్డను బలిచ్చాం," అంది. "నేనూ అటే వచ్చి నిలబడ్డాను. నా బిడ్డను చంపినవాళ్లలో నేనూ ఉన్నాను."



నీతి: గట్టిగా అరిచినంత మాత్రాన అది అందరి మాట అయిపోదు, నీ మనసులో మాట నువ్వు చెప్పకపోతే, నీ పేరు మీద ఇంకొకడు అరుస్తాడు.